గుడివాడ నుంచి ఒక పుల్ రిక్వెస్ట్



ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో ‘మండలి’ అని ఒకటుంది. దివిసీమలోని అవనిగడ్డ నుంచి శాసనసభకు వెళ్ళి, విద్యామంత్రిగా ఉన్న రోజుల్లో, 1975లో, హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు దానికి పెట్టారు. ‘ఎన్టీఆర్’ అని ఇంకో ఫాంటు ఉంది. నిమ్మకూరులో పుట్టి, 1983లో గుడివాడలో గెలిచిన రామారావు గారి పేరది. శ్రీకృష్ణదేవరాయల పేరుతో కూడా ఒకటుంది. రాయలవారికి కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నాడని చెప్పుకునే ఆంధ్ర మహావిష్ణువు కొలువున్నది మన ఘంటసాల మండలంలోని శ్రీకాకుళంలోనే కదా. ఈ ఫాంట్లను లోకానికి ఇచ్చింది సిలికానాంధ్ర. కూచిపూడి గ్రామాన్ని దత్తత తీసుకున్న ప్రవాస తెలుగువారి సంస్థ అది. దివిసీమ, గుడివాడ, కూచిపూడి, శ్రీకాకుళం: ఆ అక్షరాల వెనక మన ఊళ్ళు ఇన్ని ఉన్నాయి.

వీటిని ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదల చేశారు. ఎవరైనా వాడుకోవచ్చు. లోపల ఎలా తయారైందో విప్పి చూడవచ్చు. మార్చవచ్చు. మార్చినదాన్ని అదే లైసెన్సుతో నలుగురికీ పంచవచ్చు. ఫాంటును విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు. ఇంత హక్కు మన చేతిలో పెట్టారు. అయితే బందరులో ఒక విద్యార్థి ఆ ఫాంటులో ఒక వత్తును సరిచేసి తన కంప్యూటర్‌లోనే ఉంచుకుంటే, దాని లాభం తనొక్కడికే. అసలు ఫాంటులోకి ఆ సవరణ చేరితే కోట్ల మందికి. అలా చేర్చమని అడిగే పద్ధతినే పుల్ రిక్వెస్ట్ అంటున్నారు. ఈ రోజు దాని గురించి, దానికి ముందు వేసుకునే బ్రాంచి గురించి, అందులో పాటించవలసిన పద్ధతుల గురించి మాట్లాడతాను. గుడ్లవల్లేరులోనూ, గుడివాడలోనూ, బందరులోనూ ఇంజనీరింగు చదివే పిల్లలు వింటున్నారని ఆశతో మాట్లాడుతున్నాను.

ముందు ఒక బాధ చెప్పుకోవాలి. 2020 అక్టోబరులో ప్రపంచమంతటా ఇలా అందరికీ తెరిచిపెట్టిన ప్రాజెక్టులు, అంటే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిపేవాళ్ళు ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరయ్యారు. ఏటా ఆ నెలలో నడిచే ఉత్సవం ఒకటుంది, అప్పట్లో అందులో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపినవారికి టీ-షర్టు బహుమతిగా ఇచ్చేవారు. ఆ ఏడు, ఏదో ఒక ప్రాజెక్టు పరిచయ పత్రంలో ఒక పొగడ్త మాట చేర్చి పంపితే చాలన్నట్టు చూపించే వీడియో మన దేశంలో బాగా తిరిగింది. రోజూ వందల కొద్దీ పనికిరాని అభ్యర్థనలు వచ్చి పడ్డాయి. మొదటి వారం గడవకుండానే నిర్వాహకులు నియమం మార్చి, తాముగా ముందుకొచ్చిన ప్రాజెక్టులకే ఉత్సవాన్ని పరిమితం చేశారు. 2024 ఆరంభంలో మళ్ళీ అలాంటిదే. వెబ్‌సైట్లు కట్టేవాళ్ళు లక్షలమంది వాడే ‘ఎక్స్‌ప్రెస్’ అనే ప్రాజెక్టుకు, తమ పేరును రీడ్‌మీ అనే పరిచయ ఫైల్లో చేర్చమంటూ విద్యార్థుల నుంచి అభ్యర్థనల వరద వచ్చింది. పాఠం చెప్పే వీడియోలో ఆ ప్రాజెక్టునే ఉదాహరణగా చూపించారు, పిల్లలు చూపించినట్టే చేశారు.

ఆ పిల్లలను నేను తప్పుపట్టను. నేర్చుకోవాలన్న తపనతోనే చేశారు. వాళ్ళకు దొరికింది సగం పాఠం. ఏ బటన్ నొక్కాలో చెప్పినవాళ్ళు, అవతల ఒక మనిషి కూర్చుని ఇది చదువుతాడని చెప్పలేదు. ఇలాంటి ప్రాజెక్టులను ఉంచుకునే వేదిక గిట్‌హబ్ 2024 నివేదిక ప్రకారం అక్కడ భారతీయులు 1 కోటి 70 లక్షల పైచిలుకు ఉన్నారు, అమెరికా తరువాత స్థానం మనదే. ఇంతమంది ఉన్న దేశానికి ‘పనికిరాని రిక్వెస్టులు పంపేవాళ్ళు’ అనే పేరు వస్తే, రేపు గుడివాడ నుంచి మంచి పని పట్టుకెళ్ళే అమ్మాయిని కూడా అనుమానంగా చూస్తారు. నాకు ఆ అమ్మాయి గురించే బెంగ.

అవతల ఉన్న మనిషిని మెయింటైనర్ అంటారు, ప్రాజెక్టు బాధ్యత చూసేవాడు. చాలా ప్రాజెక్టుల్లో ఆయనకు జీతం లేదు. పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి పిల్లలు పడుకున్నాక ఈ పని చూస్తాడు. అలసిపోతాడు. ఆ అలసట ఎంత ప్రమాదమో 2024 మార్చిలో లోకానికి తెలిసింది. ‘ఎక్స్‌జెడ్’ అని ఫైళ్ళను కుదించే చిన్న ప్రోగ్రాము ఉంది. లినక్స్ కంప్యూటర్లలో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి ప్రధానంగా ఒక్క మనిషే చూసుకుంటూ వచ్చాడు. ఆయన అలసిపోయిన సమయంలో మారుపేరుతో ఒక వ్యక్తి చేరి, రెండేళ్ళకు పైగా ఓపిగ్గా మంచి సవరణలే పంపి నమ్మకం సంపాదించాడు. ఆ తరువాత పరీక్ష ఫైళ్ళ ముసుగులో దొంగదారి ఒకటి చొప్పించాడు. ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని ఒక ఇంజనీరు, తన కంప్యూటర్‌లోకి దూరం నుంచి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని వెతికి దాన్ని పట్టుకున్నాడు. ఆ అర సెకనును ఎవరూ పట్టించుకోకపోయి ఉంటే, అది ప్రపంచంలోని లెక్కలేనన్ని సర్వర్లలోకి చేరిపోయేది. కనుక మన పుల్ రిక్వెస్ట్‌ను ఎవరైనా సందేహంగా చూసినా, నాలుగు ప్రశ్నలు వేసినా అవమానం అనుకోవద్దు. వాళ్ళు కాపలా ఉండబట్టే మనం నిశ్చింతగా వాడుకుంటున్నాం.

ఇక పని ఎలా సాగుతుందో చూద్దాం. దీనికి అడుగున ఉన్న సాధనం గిట్. లినక్స్‌ను సృష్టించిన లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దాన్ని రాయడం మొదలుపెట్టాడు. అంతకుముందు లినక్స్ వాళ్ళు వాడుతున్న సాధనం ఉచితంగా దొరకడం ఆగిపోవడమే అందుకు కారణం. ఎవరు, ఎప్పుడు, ఏ వరుస మార్చారో గిట్ గుర్తుపెట్టుకుంటుంది. అసలు ప్రోగ్రాము ఉండే దారిని మెయిన్ బ్రాంచి అంటారు. కొత్తవాళ్ళెవరూ సరాసరి అందులో చెయ్యి పెట్టరు. ప్రాజెక్టు మొత్తాన్ని తమ ఖాతాలోకి నకలు తీసుకుంటారు, దాన్ని ఫోర్క్ అంటారు. ఆ నకలులో తమ పనికోసం వేరే బ్రాంచి వేసుకుంటారు. గుడివాడ జంక్షన్ తెలిసినవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. బెజవాడ నుంచి వచ్చే లైను అక్కడ చీలి ఒకటి భీమవరం వైపు, ఒకటి బందరు వైపు పోతుంది. బందరు లైనులో మరమ్మతు జరుగుతుంటే భీమవరం బండి ఆగనక్కరలేదు. బందరు నుంచి తిరిగొచ్చే బండి మాత్రం సిగ్నల్ పడ్డాకే జంక్షన్‌లోకి వస్తుంది. బ్రాంచిలో మీరు ఎన్ని ప్రయోగాలైనా చెయ్యండి, మెయిన్‌కు దెబ్బ తగలదు. పని అయ్యాక ‘నా బ్రాంచిని మీ దాంట్లో కలుపుకోండి’ అని అడగడమే పుల్ రిక్వెస్ట్. కలపాలో లేదో నిర్ణయం వాళ్ళది.

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత కృష్ణా జిల్లా నుంచి విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది. బందరు, గుడివాడ, దివిసీమ కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. కానీ భారతదేశంలోని రాష్ట్రాలు, జిల్లాల పేర్లను జాబితాగా అందించే చిన్న చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు చాలా ఉంటాయి. వెబ్‌సైట్లో మీరు అడ్రసు నింపేటప్పుడు కిందకు జారే జిల్లాల పట్టిక అలాంటి వాటి నుంచే రావచ్చు. వాటిలో ఒకదానిలో ఇప్పటికీ పదమూడు జిల్లాలే ఉన్నాయనుకుందాం. గుడ్లవల్లేరు కాలేజీలో చదివే అమ్మాయి అది గమనించింది. ఏం చెయ్యాలి?

మొదట ఏమీ మార్చకూడదు, చదవాలి. చాలా ప్రాజెక్టుల్లో కాంట్రిబ్యూటింగ్ అనే పేరుతో ఒక ఫైలు ఉంటుంది. మా దగ్గర పని ఇలా చేస్తాం, బ్రాంచికి పేరు ఇలా పెట్టండి, పరీక్షలు ఇలా నడపండి అని అందులో రాసి ఉంటారు. ఆ ప్రాజెక్టు ఇంటి ఆచారం అది. ఒకచోటి ఆచారం ఇంకోచోట చెల్లదు. కొందరు సవరణలు మెయిన్ బ్రాంచికి పంపమంటారు, కొందరు డెవలప్ అనే వేరే బ్రాంచికి పంపమంటారు. పైథాన్ భాష విషయంలో సవరణ ముందు మెయిన్‌లో చేరుతుంది. పాత వెర్షన్ల బ్రాంచిల్లోకి తరువాత విడిగా మోస్తారు. లినక్స్ కెర్నెల్ వాళ్ళయితే గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్టులు తీసుకోనే తీసుకోరు. సవరణను ఈమెయిల్లో పంపాలి. ‘ఇది నేను రాసిందే, లేదా ఇచ్చే హక్కు నాకుంది’ అని మీ పేరుతో సంతకం వరుస కూడా చేర్చాలి. ఇదంతా చదవకుండా పంపితే ఎంత మంచి సవరణ అయినా వెనక్కి వస్తుంది.

తరువాత, ఎవరైనా ఇప్పటికే చెప్పారేమో వెతకాలి. దాదాపు ప్రతి ప్రాజెక్టుకూ సమస్యలు నమోదు చేసే చోటు ఉంటుంది, ఇష్యూలు అంటారు. జిల్లాల సంగతి అక్కడ ఉందేమో చూడాలి. లేకపోతే తానే నమోదు చెయ్యాలి. ఫలానా తేదీన జిల్లాలు మారాయి, ప్రభుత్వ ప్రకటన ఇదిగో, నేను సరిచేసి పంపనా అని అడగాలి. ఈ అడగడం వల్ల వారం రోజులు ఆలస్యం కావచ్చు. అయినా నేను దీన్ని గట్టిగా చెప్తాను. ఎందుకంటే పాత జిల్లా పేరుతో అడ్రసులు దాచుకున్న వెబ్‌సైట్లు ఉంటాయి. హఠాత్తుగా పేరు మారితే వాటి లెక్కలు చెదిరిపోవచ్చు. ఆ సంగతి మెయింటైనర్‌కు తెలుస్తుంది, మనకు తెలియదు. పాతవీ కొత్తవీ రెండూ కొంతకాలం ఉంచుదాం అని ఆయన అంటే, నాలుగు రోజుల పని వృథా కాకుండా మిగిలినట్టే.

సరే, ఆయన పంపమన్నాడు. ఇప్పుడు మెయిన్‌ను తాజాగా తెచ్చుకుని, దాని నుంచి కొత్త బ్రాంచి వెయ్యాలి. పేరు చూడగానే పని తెలియాలి. ఆంధ్ర జిల్లాల సవరణ అని అర్థమయ్యే ఇంగ్లీషు పేరు పెడితే చాలు. తన పేరో, ‘ప్యాచ్ ఒకటి’ అనో పెడితే ఎవరికీ ఏమీ తెలియదు. తన ఫోర్క్‌లోని మెయిన్ మీదే పని చేసి పంపేవాళ్ళున్నారు. మొదటిసారి నడిచిపోతుంది, రెండో సవరణ మొదలుపెట్టగానే రెండూ కలగాపులగం అవుతాయి. ప్రతి పనికీ తాజా మెయిన్ నుంచి కొత్త బ్రాంచి వెయ్యడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.

అసలైన పరీక్ష ఇప్పుడే వస్తుంది. జిల్లాలు మారుస్తూ ఉంటే అదే ఫైల్లో ఇంకో రాష్ట్రంలో స్పెల్లింగ్ తప్పు కనిపిస్తుంది. ఇంకొంచెం కిందకు పోతే వరుసల మధ్య ఖాళీలు అస్తవ్యస్తంగా ఉంటాయి. మన ఎడిటర్‌లో ఒక్క మీట నొక్కితే ఫైలంతా చక్కబడుతుంది. చేతులు ఊరుకోవు. కానీ ఆ ఒక్క మీటతో రెండువేల వరుసలు మారినట్టు గిట్ చూపిస్తుంది. అందులో అసలు జిల్లాల మార్పు ఎక్కడుందో అవతలి మనిషి వెతుక్కోవాలి. అరగంటలో చూసి కలిపేసే పని నెలల తరబడి పక్కన పడిపోతుంది. స్పెల్లింగ్ తప్పుకు వేరే బ్రాంచి, వేరే పుల్ రిక్వెస్ట్. ఖాళీల సంగతి అసలు అడగకుండా ముట్టుకోకూడదు. ఒక బ్రాంచిలో ఒకటే పని. నేను చూసినంతలో కొత్తవాళ్ళ సవరణలు తిరిగి రావడానికి ప్రోగ్రామింగ్ రాకపోవడం కంటే ఇదే పెద్ద కారణం. తెలివైన పిల్లలే ఇందులో ఎక్కువ చిక్కుకుంటారు, వాళ్ళకు కనిపించే లోపాలు ఎక్కువ కాబట్టి.

మార్పును గిట్‌లో భద్రం చేయడాన్ని కమిట్ అంటారు. అలా చేసే ప్రతిసారీ ఒక సందేశం రాయాలి. మొదటి వరుస యాభై అక్షరాల దరిదాపుల్లో, ఏం చేశామో చెప్పాలి. ఒక వరుస వదిలి, ఎందుకు చేశామో రాయాలి. ‘అప్‌డేట్ చేశాను’, ‘మార్పులు’ అని రాస్తే అది రాయనట్టే. ఏం మారిందో గిట్ ఎలాగూ చూపిస్తుంది, ఎందుకు మారిందో మనిషే చెప్పాలి. ఐదేళ్ళ తరువాత ఎవరో ఈ వరుస చూసి, ఎన్టీఆర్ జిల్లా ఇక్కడికి ఎలా వచ్చింది అని వెతికినప్పుడు 2022 ఏప్రిల్ 4 నాటి మార్పు అని అక్కడ దొరకాలి.

పుల్ రిక్వెస్ట్ తెరిచినప్పుడు రాసే వివరణ కూడా అలాంటిదే, ఇంకొంచెం వివరంగా. సమస్య ఏమిటి, ఏం మార్చాను, ఎలా పరీక్షించాను, ఏది మార్చకుండా వదిలాను. ఏ ఇష్యూకు సంబంధించిందో దాని సంఖ్య రాయాలి. సరైన మాటతో రాస్తే, సవరణ కలవగానే ఆ ఇష్యూ కూడా దానంతటదే మూసుకుంటుంది.

తెలుగు వచ్చేసరికి ఈ వివరణ ఇంకా ముఖ్యం, దీని మీద నేను కాస్త నిలబడతాను. అవతల ఉన్నది జర్మనీలోనో జపాన్‌లోనో ఉండే మనిషి. ఆయనకు మన అక్షరాలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ‘మీ ఫాంటులో కృత్తివెన్ను సరిగా పడటం లేదు’ అంటే ఆయనకు ఏమీ తెలియదు. ఫాంటు పరీక్షకు మాత్రం మన కృత్తివెన్నును మించిన మాట దొరకడం కష్టం. క కింద ఋకారం సుడి, తకు తవత్తు, దాని మీద గుడి, నకు నవత్తు, దానికి కొమ్ము, అన్నీ ఆ నాలుగు అక్షరాల్లోనే ఉన్నాయి. గుడ్లవల్లేరులో డ కింద లవత్తు, మచిలీపట్నంలో ట కింద నవత్తు. ఇలాంటి మాటలు నాలుగు ఎంచుకుని, సవరణకు ముందు ఎలా ఉంది, తరువాత ఎలా ఉంది అని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాలి. వత్తు పై అక్షరాన్ని గుద్దుతోంది, ఇక్కడ ఇంత ఎడం ఉండాలి అని బాణం గీసి చూపాలి. తెలుగు రాని మనిషి కూడా ఆ రెండు బొమ్మలు చూసి నిర్ణయం తీసుకోగలడు.

కంటికి కనిపించని అక్షరం ఒకటుంది, దాని సంగతి ఇంకా చిత్రం. బందర్‌రోడ్డు అని టైపు చెయ్యండి. ర పొల్లుగా నిలబడి, పక్కన రో రావాలంటే మధ్యలో ఒక అదృశ్య అక్షరం పెట్టాలి. అది లేకపోతే బందర్రోడ్డు అని ర కింద ర వత్తు పడుతుంది. యూనికోడ్‌లో దానికి సంఖ్య ఉంది, కానీ తెర మీద రూపం లేదు. మీరు దాన్ని చేర్చి సవరణ పంపితే, అవతలివాళ్ళకు పాత వరుసా కొత్త వరుసా అచ్చం ఒకటే అనిపించవచ్చు. ‘ఏమీ మార్చకుండా పంపాడు’ అనుకుంటారు. అందుకే వివరణలో ‘ఫలానా అక్షరాల మధ్య ఫలానా యూనికోడ్ సంఖ్య చేర్చాను, దాని వల్ల రూపం ఇలా మారుతుంది’ అని విడమరిచి రాయాలి. ఇది చిన్న విషయం కాదు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన వరుసలో, ఇదే అదృశ్య అక్షరం మధ్యలో వచ్చేలా, పంపితే ఆపిల్ ఫోన్లలో మెసేజి యాప్‌లు మూతపడిపోయాయి. ఆ నెల 19న కంపెనీ 11.2.6 అనే సవరణ విడుదల చేసేదాకా ప్రపంచమంతా తెలుగు అక్షరానికి భయపడింది. ఆ ప్రోగ్రాము తలుపులు మూసి ఉన్నది కనుక బయటివాళ్ళం ఎదురుచూడటం తప్ప ఏమీ చెయ్యలేకపోయాం. అదే అక్షరాలను పేర్చే ‘హార్ఫ్‌బజ్’ అనే ప్రోగ్రాము ఓపెన్ సోర్స్. అందులో తెలుగు వత్తులు తప్పుగా పడితే కారణం వెతికి, సవరణ రాసి పంపే వీలు గుడివాడలో కూర్చున్న మనకు కూడా ఉంది.

అదృశ్య అక్షరం ఒకటి ఎక్కువో తక్కువో అయితే ఏమవుతుందని తేలిగ్గా తీసుకోవద్దు. కంప్యూటర్‌కు అవి రెండు వేరు వేరు మాటలు. వెతికితే ఒకటి దొరికి ఒకటి దొరకదు. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన దివిసీమవాళ్ళకు జాబితాల విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఏ ఊళ్ళో ఎవరు మిగిలారు, ఎవరు కనిపించడం లేదు అని ఊరూరా తిరిగి రాసుకున్న రోజులవి. 2004 డిసెంబరు 26 సునామీ మన మంగినపూడి తీరాన్ని కూడా తాకింది. ఆ సునామీ తరువాతే శ్రీలంకలోని ప్రోగ్రామర్లు ‘సహన’ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థను రాశారు. తప్పిపోయినవారి వివరాలు, శిబిరాలు, సహాయ సామగ్రి, ఇవన్నీ ఒకచోట చూసుకునేందుకు. ఆ తరహా వ్యవస్థలో నాగాయలంక మండలం సొర్లగొంది పేరు రెండు రకాలుగా ఎక్కితే, ఒకే ఊరి మనుషులు రెండు జాబితాల్లోకి చీలిపోతారు. ఊరి పేరు సరిచేసే ఒక్క వరుస సవరణను ఎవరైనా చిన్నపని అంటే నేను ఒప్పుకోను.

ఫాంట్ల విషయంలో ఇంకో జాగ్రత్త. ఫాంటు చివరి రూపం ఒక బైనరీ ఫైలు, అందులో ఏం మారిందో కళ్ళతో చదవలేం. ఎక్స్‌జెడ్‌లో దొంగదారి దాక్కున్నది కూడా చదవడానికి వీల్లేని ఫైళ్ళలోనే. అందుకని అక్షరాల గీతలు ఉండే మూల ఫైలును సవరించి పంపాలి. తయారైన ఫాంటును ఇంట్లో మార్చి దాన్నే పంపితే జాగ్రత్తగల మెయింటైనర్ తీసుకోడు, తీసుకోకూడదు కూడా. అలాగే డబ్బు పెట్టి కొన్న ఫాంటులోని అక్షరం బాగుందని గీత గీతా దించి పంపితే అది చోరీ. ప్రాజెక్టు మొత్తాన్ని కోర్టుకు ఈడ్చే పని.

అనువాదాలు చేయాలనుకునేవాళ్ళు ఈ మాట వినాలి. తెలుగు మెనూలు, తెలుగు సందేశాలు సరిచేయడానికి చాలాచోట్ల పుల్ రిక్వెస్ట్ దారి కాదు. వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్‌కు అనువాదాలు ట్రాన్స్‌లేట్‌వికీలో చేస్తారు. ఫైర్‌ఫాక్స్‌కు పాంటూన్, లిబ్రే ఆఫీస్‌కు వెబ్లేట్. అక్కడ ఒక్కో వాక్యం మీ ముందుకు వస్తుంది, తెలుగు రాస్తే చాలు. గిట్ తెలియని తెలుగు మాస్టారు కూడా చేయగల పని ఇది. మంచి తెలుగు రాసేవాళ్ళ అవసరం అక్కడ ప్రోగ్రామర్ల అవసరం కంటే ఎక్కువ. మన రెండు రాష్ట్రాల్లో స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడుపుతోంది. తెలుగులో పనిచేసే లినక్స్‌ను తయారుచేసింది. విద్యార్థులను పోగుచేసి ఇలాంటి పనులు నేర్పుతోంది. ఒంటరిగా మొదలుపెట్టడానికి జంకేవాళ్ళు అలాంటి బృందంలో చేరితే మొదటి సవరణకు పక్కన ఒకరు కూర్చుంటారు.

పుల్ రిక్వెస్ట్ పంపాక చాలాచోట్ల యంత్రం కొన్ని పరీక్షలు నడుపుతుంది. ఎర్ర గుర్తు పడితే మెయింటైనర్ చెప్పేదాకా ఆగకుండా, అక్కడ రాసిన కారణం చదివి సరిచేసుకోవాలి. పరీక్షలు దాటాక మనిషి చూస్తాడు. ఇక్కడ మనవాళ్ళ అలవాటు ఒకటి మారాలి. మర్నాడే ‘సార్, ప్లీజ్ మెర్జ్’ అని ఒక వ్యాఖ్య, సాయంత్రం ఇంకోటి, ఎల్లుండి ఇంకోటి. కాలేజీలో ప్రాజెక్టు మార్కుల గడువు ఉండవచ్చు, ఆ గడువు అవతలివాళ్ళది కాదు. రెండు వారాలు చూసి, ఒక్కసారి మర్యాదగా గుర్తుచేస్తే చాలు. ‘సార్’ అనకపోయినా ఫరవాలేదు. ఆ లోకంలో అందరూ పేరుతోనే పిలుచుకుంటారు. అవతలివాళ్ళు ఆడవాళ్ళు కావచ్చు కూడా. గౌరవం మాటలో కంటే, వాళ్ళు రాసింది పూర్తిగా చదవడంలో కనిపించాలి.

లోపాలు చూపిస్తే ప్రతి వ్యాఖ్యకూ జవాబివ్వాలి. సరిచేస్తే సరిచేశానని, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో చెప్పాలి. ఒప్పుకోకపోవడం తప్పు కాదు. తెలుగు అక్షరం విషయంలో మీరే సరి అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు తగ్గవద్దు, ఆధారం చూపండి. సవరణలు అదే బ్రాంచిలో చేసి పంపాలి. పాతది మూసి కొత్త పుల్ రిక్వెస్ట్ తెరిస్తే అప్పటిదాకా జరిగిన చర్చంతా వెనకే ఉండిపోతుంది. ఈలోగా మెయిన్ ముందుకు కదిలి, మీ వరుసలకూ వాళ్ళ వరుసలకూ పొత్తు కుదరకపోతే, కంగారుపడి ఏదో ఒకటి ఉంచి ఇంకోటి చెరపకూడదు. ఎవరు ఏ ఉద్దేశంతో మార్చారో చదివి రెండూ నిలిచేలా కలపాలి. చిన్న చిన్న కమిట్లన్నీ ఒకటిగా చెయ్యమని కొందరు అడుగుతారు, కొందరు వద్దంటారు. అడిగినట్టు చెయ్యడమే.

ఏఐ చేత రాయించి పంపడం గురించి కూడా అడుగుతున్నారు. జెంటూ లినక్స్ వాళ్ళు 2024 ఏప్రిల్‌లో అలాంటివి తీసుకోబోమని తీర్మానించారు. ఇంకొందరు వాడినట్టు చెప్పి పంపమంటారు. ప్రాజెక్టు నియమం ఏదైతే అదే. నా మాట అడిగితే, మీరు పంపిన ప్రతి వరుసా ఎందుకుందో మీరు నోటితో చెప్పగలగాలి. రివ్యూలో ప్రశ్న వేస్తే ఆ ప్రశ్నను మళ్ళీ యంత్రానికే ఇచ్చి జవాబు తెచ్చేవాళ్ళున్నారు. అవతల రాత్రి మేలుకుని చదివే మనిషికి అంతకంటే అన్యాయం లేదు.

చివరిగా, మధ్యలో వదిలేసిన పనుల గురించి. పరీక్షలు వస్తాయి, ఉద్యోగం వస్తుంది, ఇంట్లో ఏదో జరుగుతుంది. పుల్ రిక్వెస్ట్ అలాగే నెలల తరబడి తెరిచి ఉండిపోతుంది. ఎవరో చేస్తున్నారు కదా అని ఇంకొకరు ముట్టుకోరు. పూర్తి చెయ్యలేనని తెలిసిన రోజునే ఒక్క వాక్యం రాయండి: ఇంతవరకు అయింది, ఇది మిగిలింది, కావలసినవారు నా బ్రాంచి నుంచి తీసుకుని కొనసాగించండి అని. అలా రాస్తే మీ కమిట్లు మీ పేరుతోనే ఉంటాయి, పెడనలోనో పిట్స్‌బర్గ్‌లోనో ఇంకొకరు అక్కడి నుంచి అందుకుంటారు. కలిసిపోయిన బ్రాంచి అయితే గిట్‌హబ్ అడిగినప్పుడు తొలగించండి, చరిత్రంతా మెయిన్‌లో భద్రంగా ఉంటుంది. తరువాతి సవరణకు మళ్ళీ తాజా మెయిన్ నుంచి కొత్త బ్రాంచి వేసుకోండి.